నాసికావాణి ఓటు

మన శాసనసభ్యులు సభలో ఏం చేస్తారో తెలుసుకోవాలన్న ఉత్సాహం జనానికి ఈ మధ్య బాగా పెరిగింది. అది తెలియకుండానే ఇన్నాళ్లూ ఓట్లేసిన వాళ్లకి ఇప్పుడీ తొందర ఎందుకొచ్చిందో నాకు అంతుబట్టదు. రాజధానిలో చదువుకున్న పెద్దలు కొందరు కలిసి ఒక సంస్థ పెట్టారు. ఏ సభ్యుడు ఎన్ని ప్రశ్నలడిగాడు, ఎన్ని చర్చల్లో పాల్గొన్నాడు, ఏ బిల్లుకి ఎటు ఓటేశాడు అని చూసి, బడిపిల్లలకిచ్చినట్టు మార్కులిచ్చి పేపర్లో వేయించారు. అందులో గుండ్లవాగు నియోజకవర్గం స్వతంత్ర సభ్యుడు శ్రీ దేవరపల్లి మాల్యాద్రి గారికి సున్న వచ్చింది. నేను ఆయన పీఏని, పేరు చెన్నకేశవులు. సున్న ఆయనదే అయినా, ఆ పేపరు పట్టుకుని పరామర్శకొచ్చిన ప్రతివాడికీ కాఫీ పోసి సమాధానం చెప్పింది నేను కాబట్టి అందులో సగం నాకూ చెందుతుంది.

మాల్యాద్రి గారు మాట్లాడరు. నోరు లేక కాదు, ఆయనకి వినడం అలవాటు. గుండ్లవాగులో పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే జనం వచ్చి గొడవలు చెప్పుకుంటారు. ఆయన "ఊఁ" అంటారు. చెప్పేవాడు ఇంకొంచెం చెబుతాడు. మళ్లీ "ఊఁ" అంటారు. చివరికి ఆ చెప్పేవాడే దారేదో కనిపెట్టుకుని, "అంతేనంటావా మాల్యాద్రన్నా, సరే, అట్టనే చేస్తాలే" అని దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. పార్టీ లేకుండా, జెండా లేకుండా ఆయన రెండుసార్లు గెలిచింది ఈ ఊఁ పుణ్యమే. ఆయన ఊఁలు నియోజకవర్గంలో అందరికీ తెలుసు. సాగదీస్తే "చెప్పు, వింటున్నా" అని. తుంచేస్తే "ఇంక చాల్లే" అని. చివర కాస్త పైకి లేపితే "నిజమా?" అని. గొంతులోనే నొక్కిపెడితే "వాడి సంగతి నేను చూస్తా" అని.

సభలోనూ ఆయన చేసేది అదే. ఎవరు లేచి మాట్లాడినా అటు తిరిగి కూర్చుని ఊఁ కొట్టేవారు. ఇంకొకరు చెప్పేది వినే అలవాటు ఆ సభలో మరెవరికీ లేకపోవడంతో, రెండు పక్షాలవాళ్లూ ఆయన ముఖం చూసుకుంటూనే ప్రసంగాలు లాగించేవారు. కానీ వినేవాడికి ఆ సంస్థ దగ్గర మార్కుల్లేవు.

బయటివాళ్లు మార్కులివ్వడం సభా కార్యదర్శి త్రిపురారి రావు గారికి తల కొట్టేసినట్టయింది. ఆయన మనిషి సన్నం, భాష మాత్రం భారీ. వారం తిరక్కుండా ఒక ఉత్తర్వు వదిలారు: "గౌరవ సభ్యులు తమ ఆసనములందు ఆసీనులై యుండగా వెలువరించు సకల ధ్వనులను స్వయముగా గ్రహించి, సదరు ధ్వనులను సదరు సభ్యుల క్రియాశీలతగా నమోదు గావించు యంత్రమును ప్రతి బల్లకును అమర్చడమైనది."

తెలుగులో చెప్పాలంటే, ప్రతి బల్లకీ ఒక మైకు, ఒక చిన్న దీపం. సభ్యుడి దగ్గర చప్పుడైతే దీపం పచ్చగా వెలుగుతుంది, ఒక మార్కు పడుతుంది. ఆ చప్పుడు ఆగి, మళ్లీ మొదలైతే ఇంకో మార్కు. లేచి గంటసేపు ఉపన్యసించినా, మళ్లీ కూర్చునేదాకా యంత్రం లెక్కలో అదంతా ఒకే చప్పుడు.

మొదటి వారం ఫలితాలు రాగానే సభ నోరు తెరిచింది. అందరికంటే పైన మాల్యాద్రి గారున్నారు. రెండో స్థానంలో ఉన్నాయనకి దగ్గు.

నిన్నటిదాకా 'గుండ్లవాగు మౌనముని' అని రాసిన పేపరే ఇప్పుడు 'సభాసింహం' అని రాసింది. టౌన్‌హాల్లో శాలువా కప్పారు. ఆ చదువుకున్న పెద్దలు స్వయంగా వచ్చి, "ఈ చురుకుదనం వెనక రహస్యమేమిటండీ?" అని అడిగారు.

"ఊఁ" అన్నారు మాల్యాద్రి గారు.

వాళ్లు అది రాసుకున్నారు.

రహస్యం అలా బయటపడిపోయింది. లేచి ప్రసంగిస్తే ఒక్క మార్కు, కూర్చుని ఎదుటివాడి ప్రసంగానికి ఊఁ కొడితే దండిగా మార్కులు. పాలకపక్షం తన సభ్యులందరినీ ఒక రిసార్టుకి తీసుకుపోయి ఊఁ కొట్టడంలో శిక్షణ ఇప్పించింది. ప్రతిపక్షం దాన్ని ప్రజాధనం దుర్వినియోగమని ఖండించి, మర్నాడే ఇంకొంచెం మంచి రిసార్టులో శిక్షణ పెట్టుకుంది. పది రోజుల్లో సభ స్వరూపమే మారిపోయింది. కేకల్లేవు, కాగితాలు చింపడాల్లేవు, పోడియం దగ్గరికి ఉరకడాల్లేవు. అందరూ బుద్ధిగా కూర్చుని ఊఁ కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. మాట్లాడేవాడే దొరకలేదు.

పక్కవాడికి మార్కులు తెచ్చిపెట్టడానికి తాను నోరు నొప్పి పెట్టుకునేంత త్యాగమూర్తి రాజకీయాల్లో ఎవరుంటారు? సభాపతి గారు "మాట్లాడదలచినవారు?" అని అడగడం, అందరూ ఆశగా ఒకరినొకరు చూసుకోవడం, సభ వాయిదా పడడం. మార్కులు పడిపోతున్నాయని సభ్యులు గోల పెట్టగా, త్రిపురారి రావు గారు ఇద్దరు గుమాస్తాల చేత పాత బడ్జెట్టు ప్రసంగాలు చదివించే ఏర్పాటు చేశారు. ఎప్పుడో ఖర్చయిపోయిన పద్దులకి కూడా సభ ఎంతో శ్రద్ధగా ఊఁ కొట్టింది.

ఇక బిల్లుల దగ్గర అసలు చిక్కొచ్చింది. మామూలుగా బిల్లు నెగ్గేది మూజువాణి ఓటుతో. అనుకూలురు 'అవును' అనాలి, కానివారు 'కాదు' అనాలి. ఇప్పుడు సభలో 'ఊఁ' తప్ప వేరే మాట వినబడదు. దాన్ని ఏమని లెక్కెయ్యాలో తేల్చమని 'ధ్వని పరిశీలనా సంఘం' వేశారు. త్రిపురారి రావు గారే దానికి అధ్యక్షులు.

ముందు మూజువాణి అంటే ఏమిటని ప్రశ్న వచ్చింది. పేపర్లో రోజూ చదువుతున్నా దాని అర్థం సంఘంలో ఎవరికీ తెలియదని తేలింది. ఒక సభ్యుడు అదొక వాయిద్యమన్నారు. ఇంకొకరు, ఆ పేరుతో తమ వైపు ఒక అమ్మవారుందేమోనని అనుమానం వెలిబుచ్చారు. చివరికి నిఘంటువు తెప్పించి చూస్తే నోటిమాట అని ఉంది. అప్పుడు భాషా నిపుణులుగా పిలిపించిన పండితుడు గారు లేచి, "అయ్యా, ఊఁ అనేది నోరు మూసుకుని ముక్కుతో పలికేది. అది నోటి ఓటు ఎలా అవుతుంది?" అన్నారు.

త్రిపురారి రావు గారు కళ్లు మూసుకుని ఆలోచించి, "అట్లయినచో దానిని నాసికావాణి ఓటుగా పరిగణింతము" అన్నారు.

"కానీ అయ్యా, ఊఁ అన్నంతమాత్రాన ఒప్పుకున్నట్టు కాదండి. వింటున్నానని ఒక ఊఁ, నమ్మలేనని ఒక ఊఁ, నీ పని పడతానని ఒక ఊఁ..."

"యంత్రమునకు తెలియునా ఈ భేదము?"

"తెలియదండి."

"యంత్రమునకు తెలియని భేదము చట్టమునకు అక్కరలేదు."

ఆ విధంగా, బిల్లు చదువుతుండగా గాని, దానిపై ఎవరైనా ప్రసంగించుచుండగా గాని వెలువడు ప్రతి ఊఁకారమూ ఆ మాటకు సంపూర్ణ సమ్మతి అని నియమం వచ్చింది. వ్యతిరేకించదలచినవారు తుది ఓటుకు ముందు లేచి ప్రసంగించవలెను. ఇంక చూసుకోండి, బిల్లులు పరుగులు తీశాయి. ఒక పన్ను పెంచే బిల్లు పొద్దున, అదే పన్ను తీసేసే బిల్లు సాయంత్రం ఏకగ్రీవంగా నెగ్గాయి. రెంటికీ మాల్యాద్రి గారి ఊఁలున్నాయి. ఆ సంస్థవాళ్లు ఆయన ఓటింగు తీరుని 'సమగ్రం' అని మెచ్చుకున్నారు.

ఆయనకి ఇదేమీ నచ్చలేదు. "ఏందయ్యా కేశవులూ, నేను వింటుంటే వీళ్లు ఒప్పుకున్నానంటారేంది?" అన్నారు నాతో. మాట్లాడని మనిషి అంత మాటన్నారంటే మనసులో ఎంత రగిలిందో నాకర్థమైంది. కానీ ఊఁ ఆయన చేతిలో లేదు. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, దానంతటదే వచ్చేస్తుంది.

అంతలో రవాణా మంత్రి గారు ఒక బిల్లు తెచ్చారు. 'బస్సు డిపోల హేతుబద్ధీకరణ' అని దానికి పేరు. నేను గ్యాలరీలో కూర్చుని చూస్తున్నాను. మంత్రి గారు గబగబా చదువుకుంటూ పోతున్నారు. "...మరియు గుండ్లవాగు డిపోను రద్దుపరచి, సదరు బస్సులను, సిబ్బందిని రామగిరిపేటకు తరలించుటకు..." రామగిరిపేట మంత్రి గారి అత్తవారి ఊరు.

"ఊఁ?" అన్నారు మాల్యాద్రి గారు అదిరిపడి.

దీపం పచ్చగా వెలిగింది.

ఆయన దాని వంక చూశారు. జరిగిందేమిటో తెలిసి, తల అడ్డంగా ఊపుతూ "ఊహూఁ!" అన్నారు. దీపం రెండుసార్లు వెలిగింది. ఊహూఁలో ముందొక ఊ, వెనకొక ఊఁ ఉన్నాయి మరి. మధ్యలో ఉన్న హకారం యంత్రానికి గాలి కింద లెక్క. "ఊహూఁ! ఊహూఁ!" అని ఆయన మొత్తుకున్న కొద్దీ దీపం దీపావళి చేసుకుంది. నేను పైనుంచి చేతులూపాను. మార్షల్ వచ్చి నన్ను కూర్చోబెట్టాడు.

త్రిపురారి రావు గారు ఫలితం చదివారు. "ప్రథమ పఠనము నందు బిల్లుకు సభ సమ్మతి లభించినది. ముఖ్యముగా స్థానిక సభ్యులు తమ సమ్మతిని పలుమార్లు నొక్కి వక్కాణించి యున్నారు. తుది ఓటు సోమవారము."

ఆ సాయంత్రమే ఆయన్ని సంఘం ముందుకు తీసుకుపోయాను, రికార్డు దిద్దించుకుందామని. దారి పొడుగునా చెప్పాను. "సార్, లోపల ఏమడిగినా ఊఁ అనకండి. లేదు, కాదు అనండి. దండం పెడతా." ఆయన తలూపారు.

త్రిపురారి రావు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "గౌరవ సభ్యులు తమ సమ్మతి పొరపాటున నమోదైనదని విన్నవించుచున్నారు. అంతేనా?"

"ఊఁ."

"అనగా తాము సభయందు ఊఁ అనలేదని తమ వాదన?"

"ఊహూఁ, అది కాదు..."

"అన్నారన్నమాట."

"ఊఁ... అన్నా గానీ..."

"ఇప్పుడు మా సమక్షమున కూడ అన్నారు. సంతోషము. సమ్మతి ధ్రువీకరించడమైనది." అని ముద్ర వేశారు. బయటికొచ్చాక మాల్యాద్రి గారు నా వంక చూడలేదు, నేనూ ఆయన వంక చూడలేదు.

ఆదివారం గుండ్లవాగు వెళ్లాం. అరుగు ఖాళీగా ఉంది. ఎప్పుడూ కిటకిటలాడే అరుగు అది. చాలాసేపటికి అంకమ్మ వచ్చింది. ఆవిడ పచ్చిమిరపకాయల వ్యాపారం చేస్తుంది. తెల్లారుజామున డిపోలోంచి కదిలే మొదటి బస్సులో బస్తాలేసుకుని పట్నం మార్కెట్టుకి పోతుంది. ఆవిడలాంటి వాళ్లు ఆ బస్సులో ఇంకా చాలామంది ఉన్నారు. డిపో రామగిరిపేటకి పోతే ఆ బస్సు అక్కణ్ణించి బయలుదేరి మా ఊరొచ్చేసరికి పట్నంలో మార్కెట్టు మూసేస్తారు.

"ఏం తమ్ముడూ, డిపో తీసేస్తామంటే నువ్వు ఊఁ అన్నావంట గదా?" అంది అంకమ్మ.

ఆయన జరిగి అరుగు మీద చోటిచ్చారు. ఆవిడ కూర్చోలేదు.

"ఒకటికి నాలుగుసార్లు అన్నావంట. పేపర్లో ఏశారు, మా మనవరాలు సదివింది. మా ఇంటాయన పోయినప్పుడు నీ అరుగు మీద కూచ్చోని పొద్దుగూకిందాకా ఏడ్చా. నువ్వు ఊఁ అంటానే ఉన్నావు. ఆ ఊఁతోనే లేచి నిలబడ్డా అబ్బయ్యా. మళ్లా అదే ఊఁతో నా బస్సు తీసేశావా?"

"అక్కా, అది కాదు..."

"నువ్వెందుకన్నావో నాకు తెలవదు. నేను మాత్రం ఇంక నీకేం చెప్పను."

ఆవిడ వెళ్లిపోయింది. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. ఎన్నికల్లో ఓడిపోతారనే భయం నాకు ముందు కలిగిందని ఒప్పుకుంటాను, నా ఉద్యోగం అలాంటిది. ఆయనకి మాత్రం ఆ ఆలోచనే లేదు. ఆయన ఊఁ నమ్మకం పోగొట్టుకుంది, అదీ ఆయన బాధ. కారెక్కేటప్పుడు, "కేశవులూ, రేపు మాట్టాడతా" అన్నారు.

సోమవారం తుది ఓటు. సభాపతి గారు అలవాటు కొద్దీ, జవాబు రాదని తెలిసీ, "మాట్లాడదలచినవారు?" అన్నారు. మాల్యాద్రి గారు లేచారు. సభలో ఒక్కసారిగా కలకలం పుట్టింది. గుమాస్తాల నోట పాత బడ్జెట్లు వినివిని చవిచచ్చిపోయిన సభ్యులు కుర్చీలు ముందుకు లాక్కున్నారు.

"అధ్యక్షా, నాకు ఉపన్యాసాలు రావు. మా ఊళ్లో అంకమ్మని ఒకామె ఉంది."

"ఊఁ" అంది సభ. దీపాలన్నీ వెలిగాయి.

"మిరపకాయలమ్ముద్ది. కోడి కుయ్యక ముందే లేచి, బస్తా తలకెత్తుకోని డిపో కాడికొచ్చిద్ది. డ్రైవరు ఈరాసామి ఆమె రాందే బండి తియ్యడు."

"ఊఁ."

"ఒకరోజు ఆమె రాలేదు. బస్సులో అందరూ అరుత్తా ఉండారు, పోనీ పోనీ అని. ఈరాసామి ఇంజను ఆపేసి కిందికి దిగాడు."

"ఊఁ, దిగి?" అన్నారెవరో ప్రతిపక్షం బెంచీల్లోంచి.

"ఆమె ఇంటికి పోయాడు. చూత్తే ఆమె మొగుడు గుండె పట్టుకోని పడి ఉండాడు. ఆ బస్సులోనే ఏసుకోని ఆస్పత్రికి తీసకపోయారు. మిరపకాయల బస్తాల మీద పడుకోబెట్టి."

"ఊఁ..." ఈసారి ఊఁ మార్కుల కోసం వచ్చింది కాదు. నేను గ్యాలరీలోంచి చెప్పగలను. ఆర్థిక మంత్రి గారు రుమాలు తీశారు.

"బతకలేదనుకో. కానీ ఆ రోజు అది బస్సు గాదు, ఊరు. ఆ డిపో మాకాడే ఉండాల."

"ఊఁ!"

"తెల్లారుజాము బండి ఇంకోటి ఎయ్యాల. ఒకదాంట్లో చోటు సాలట్లా."

"ఊఁ!"

"బస్తాలకి టిక్కెట్టు కొట్టగూడదు."

"ఊఁ!"

"మంత్రిగారంటే నాకేం కోపం లేదు. నెలకొకసారి ఆయన ఆ బండెక్కి, పట్నం దాకా నిలబడి వత్తే ఆయనకే తెలిసిద్ది."

"ఊఁ" అన్నారు సభ్యులంతా. అందరికంటే గట్టిగా అన్నది రవాణా మంత్రి గారు. కథలో పూర్తిగా మునిగిపోయి ఉన్నారు పాపం.

మాల్యాద్రి గారు కూర్చున్నారు. త్రిపురారి రావు గారు యంత్రం కక్కిన కాగితం చేతిలోకి తీసుకుని, ఒకసారి చదువుకుని, ముఖం తుడుచుకుని, మళ్లీ చదువుకున్నారు. నియమం ఆయన రాసిందే. "గుండ్లవాగు డిపో యథాస్థానమున కొనసాగుట, ఉషఃకాలమున అదనపు బస్సు నడుపుట, బస్తాలకు రుసుము మినహాయించుట, మరియు... రవాణా మంత్రివర్యులు ప్రతి మాసమునందును సదరు బస్సున నిలుచుండి ప్రయాణించుట. ఇవన్నియు నాసికావాణి ఓటుతో సభ ఏకగ్రీవముగా ఆమోదించినది."

మంత్రి గారు లేచి నిలబడ్డారు. "ఇదేమిటి? నేను ఆ తర్వాతేమైందోనని ఊఁ అన్నాను!"

"యంత్రమునకు తెలియని భేదము..." అంటూ మొదలుపెట్టి, త్రిపురారి రావు గారు మిగతాది మింగేశారు.

డిపో మా ఊళ్లోనే ఉంది. రెండో బస్సు వచ్చింది. మంత్రి గారు మొదటి నెల వచ్చి, రెండు బస్తాల నడుమ కమ్మీ పట్టుకుని, పట్నం దాకా అంకమ్మ కష్టాలు విన్నారు. దిగేటప్పుడు వాటిలో ఒకటి తీరుస్తానని కూడా అన్నారట. అరుగు మళ్లీ నిండింది. అంకమ్మ వచ్చి, వాళ్ల మనవరాలి పెళ్లి సంబంధం గురించి గంటసేపు చెప్పి వెళ్లింది.

నెలాఖరుకి, యంత్రం లెక్కలు పట్టుకుని ఆ సంస్థవారు వేసిన కొత్త మార్కులు పేపర్లో పడ్డాయి. డిపో తీర్మానం రోజున మాల్యాద్రి గారికి ఒక్క మార్కు. లేచి చేసింది ఒక్క ప్రసంగమే కదా, ఒకే చప్పుడు. ఓటు గడిలో మాత్రం అంతకంటే ఘోరం. తన మాటలకి తాను ఊఁ కొట్టుకునే అలవాటు ఎవరికీ ఉండదు కాబట్టి, సభ మొత్తం అనుకూలంగా ఓటేసిన ఆ తీర్మానానికి, 'ఓటు వేయనివారు' అన్న చోట ఆయన పేరొక్కటే ఉంది. 'తన ఊరి డిపో విషయంలో ముఖం చాటేసిన మాల్యాద్రి' అని కింద శీర్షిక.

నాకు ఒళ్లు మండింది. పేపరు తెచ్చి ఆయన ముందు పరిచాను. "సార్, ఇది అన్యాయం. ఇవాళే సంఘానికి అర్జీ పెడదాం. రికార్డు దిద్దించాల్సిందే."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వద్దులేవయ్యా" అన్నారు. "దిద్దించాలంటే మళ్లా ఆ త్రిపురారి ముందు కూచ్చోవాల. ఆయనేదో అడుగుతాడు, నేను ఊఁ అంటా. డిపో పోయిద్ది."